మెడలో ముడి, నెత్తిన నొప్పి



"మెడ పట్టేసింది" అనే మాట వినబడని ఇల్లు మన పల్లెలలో ఉండదు. రాత్రి బాగానే పడుకున్నవాడు ప్రొద్దుటికి తల తిప్పలేడు. వెనుక నుండి ఎవరైనా పిలిస్తే మనిషంతా తిరగవలసినదే. ఇంట్లో నాయనమ్మ "తలగడ ఎండలో వెయ్యండి" అంటుంది. పక్కింటాయన నూనె రాసి రోకలి దొర్లించమంటాడు. రెండు మూడు రోజులకు నొప్పి దానంతట అదే సర్దుకుంటుంది, పేరు తలగడకు వస్తుంది. తలగడ మీద మాకేమీ కోపం లేదు. ఎండలో వేస్తే దిండుకు మంచిదే.

మేము ఈ నెల వ్రాయదలచినది అలా రెండు రోజులలో పోని మెడ నొప్పి గురించి. నెలల తరబడి ఉండి, తలలోకి ఎక్కి, రాత్రి నిద్ర, పగలు పని రెండూ లేకుండా చేసే నొప్పి గురించి.

క్రిందటి సంవత్సరం మెదక్ ప్రాంతపు ఒక గ్రామం నుండి ఒక సహోదరి మా ఫిజియోథెరపీ గదికి వచ్చింది. వయస్సు నలభై రెండు. ఇంటి వసారాలో కుట్టుమిషను పెట్టుకొని రవికలు, పిల్లల గౌనులు కుడుతుంది. మెడకు పట్టీ, అంటే కాలరు, వేసుకొని వచ్చింది. అది వేసుకోబట్టి నాలుగు నెలలైందట. కుడి భుజం మీద మొదలైన నొప్పి మెడ పక్కగా పైకి పాకి, చెవి వెనుక నుండి కణతకు వచ్చి, కంటి గుడ్డు వెనుక పోటుగా నిలిచేది. గుడిలో ప్రార్థనకు తల వంచితే మళ్ళీ ఎత్తడానికి చెయ్యి సాయం పెట్టుకోవలసి వచ్చేదట. తలలో గడ్డ ఏదైనా ఉన్నదేమోనని ఆమె భయం. ఆ భయం భర్తకు కూడా చెప్పలేదు. పట్నంలో ఒకచోట ఎక్స్‌రే తీసి "మెడ ఎముక అరిగిపోయింది, ఇక మిషను తొక్కకూడదు" అన్నారు. మాత్రలకు, సూదిమందులకు చెవికమ్మలు తాకట్టుకు వెళ్ళాయి. మిషను మీద దుప్పటి కప్పారు. పెద్దమ్మాయి నర్సింగు చదువు ఫీజు ఆ మిషను మీదనే ఆధారపడి ఉన్నది. అప్పటికి అక్టోబరు నెల సగం గడిచింది. క్రిస్మస్ బట్టలు కుట్టేవారికి సంవత్సరపు సంపాదనలో పెద్ద వాటా వచ్చేది ఆ రెండు నెలలలోనే అని మన పాఠకులకు చెప్పనక్కరలేదు.

ముందుగా ఆ ఎక్స్‌రే సంగతి. నలభై దాటిన వారిలో మెడ ఎముకల మధ్య కొంత అరుగుదల, అంచులలో కొంత పెరుగుదల కనబడడం చాలా మామూలు. వెంట్రుకలు నెరసినట్లే అదీను. ఏ నొప్పీ లేనివారిని వరుసగా నిలబెట్టి ఎక్స్‌రే తీసినా చాలామందిలో అది కనబడుతుంది. కనుక అరుగుదల ఉన్నదంటే నొప్పికి అదే కారణమని అర్థం కాదు. "అరిగిపోయింది" అనే మాట మాత్రం మనిషిని కుంగదీస్తుంది. అరిగినది మళ్ళీ పెరగదు కదా అని రోగి అక్కడితో ఆశ వదులుకుంటాడు. ఇక కాలరు, దెబ్బ తగిలినప్పుడు డాక్టరు చెప్పినన్ని రోజులు వేసుకోవలసినదే. కాని మామూలు మెడ నొప్పికి నెలల తరబడి వేసుకుంటే మెడ కండరాలు పని మరచిపోయి బలహీనపడతాయి. తీసినప్పుడల్లా నొప్పి మరింత తెలుస్తుంది. అప్పుడు మళ్ళీ వేసుకుంటారు.

ఆ సహోదరిని బోర్లా పడుకోబెట్టి, కాలరు తీయించి, భుజానికీ మెడకూ మధ్యనున్న కండరాన్ని బొటనవేలు, చూపుడువేలు మధ్య పట్టుకొని మెల్లగా తడిమాము. మెత్తని కండరం మధ్యలో సన్నని త్రాడు వంటి పోగు ఒకటి బిగిసి ఉంది. దాని నడుమ శనగగింజంత గట్టి చోటు. అక్కడ నొక్కగానే ఆమె ఉలిక్కిపడి, "అదేనండీ! అదే నొప్పి! కంట్లోకి వచ్చింది!" అన్నది. మేము నొక్కినది భుజం మీద, ఆమెకు పోటు వచ్చినది కంటి వెనుక. నాలుగు నెలలలో ఆ చోటు మీద ఎవరూ వేలు పెట్టలేదట. ఆమె ఏడ్చింది. నొప్పికి అనుకున్నాము. "తలలో గడ్డ కాదన్నమాట" అని తరువాత తానే అన్నది.

ఈ గట్టి చోటును వైద్యులు ట్రిగ్గర్ పాయింట్ అంటారు. ట్రిగ్గర్ అంటే తుపాకీ మీట. మీట నొక్కేది ఒకచోట, గుండు తగిలేది మరొకచోట. ఈ నొప్పి తీరు కూడా అంతే, గనుక ఆ పేరు బాగా కుదిరింది. మన తల బరువు సుమారు 4.5 నుండి 5 కిలోలు ఉంటుంది. తల భుజాలపై నిటారుగా ఉన్నంతసేపు ఎముకలు ఆ బరువును మోస్తాయి. తల ముందుకు సాగితే మోసేది వెనుకనున్న కండరాలు. బరువు తక్కువే అయినా గంటల తరబడి సడలకుండా పట్టి ఉంచితే కండరంలో కొన్ని పోగులు బిగిసిపోతాయనీ, బిగిసిన చోటికి రక్తం సరిగా అందక అక్కడ నొప్పి పుట్టించే పదార్థాలు చేరుతాయనీ, ఆ నొప్పి వలన పోగు మరింత బిగుస్తుందనీ చాలామంది పరిశోధకుల అభిప్రాయం. ఇది అందరూ ఒప్పుకొన్న విషయం కాదని కూడా చెప్పాలి. ఒకే రోగిని ఇద్దరు తడిమితే ముడి ఉన్న చోటు గురించి ఇద్దరూ ఒకే మాట చెప్పని సందర్భాలున్నాయి. అసలు తప్పు కండరంలో కాదు, నొప్పిని గ్రహించే నరాలలో ఉన్నదని వాదించేవారున్నారు. వాదం ఎటు తేలినా, నొక్కితే రోగి "అదే నొప్పి" అనే చోటు ఒకటి ఉన్నదనీ, దానిని సడలిస్తే చాలామందికి హాయి కలుగుతున్నదనీ మా చేతులకు తెలుసు.

నొప్పి పుట్టిన చోట కాక మరొకచోట తెలుస్తుందనే సంగతి కొత్తదేమీ కాదు. 1938లో లండన్‌లో కెల్‌గ్రెన్ అనే వైద్యుడు ఆరోగ్యవంతుల కండరాలలో గాఢమైన ఉప్పునీటిని కొద్దిగా ఎక్కించి, నొప్పి ఎక్కడెక్కడికి పాకుతుందో గుర్తించి పటాలు గీశాడు. అమెరికాలో జానెట్ ట్రావెల్ అనే వైద్యురాలు తన జీవితంలో ఎక్కువ భాగం ఈ ముడుల పరిశీలనకే ఇచ్చింది. నడుము నొప్పితో బాధపడిన కెన్నెడీకి ఆమె చికిత్స చేసింది. 1961లో ఆయన అధ్యక్షుడైనప్పుడు ఆమెనే వైట్ హౌస్ వైద్యురాలిగా నియమించుకున్నాడు. ఆ పదవిలో కూర్చున్న మొదటి స్త్రీ ఆమెయే. కెన్నెడీ ఊగుడు కుర్చీ చాలామంది చిత్రాలలో చూచి ఉంటారు, ఆ కుర్చీలో కూర్చోమన్నది కూడా ఈమెయే. డేవిడ్ సైమన్స్ అనే మరొక వైద్యునితో కలిసి ఆమె వ్రాసిన పెద్ద గ్రంథం 1983లో వచ్చింది. ఈనాటికీ ఫిజియోథెరపీ విద్యార్థులు అందులోని బొమ్మలు చూచి, ఏ కండరం నొప్పిని ఎక్కడికి పంపుతుందో నేర్చుకుంటారు.

మెడ విషయంలో ముఖ్యమైనవి నాలుగు. భుజం మీద చెయ్యి వేస్తే దొరికే ట్రపీజియస్ కండరం నొప్పిని మెడ పక్కగా చెవి వెనుకకు, కణతకు పంపుతుంది. దాని అడుగున, రెక్క ఎముక పై మూల నుండి మెడకు పోయే కండరం పట్టితే తల పక్కకు తిరగదు. మన వాళ్ళు "మెడ పట్టేసింది" అనే దానిలో చాలాసార్లు దోషి ఇదే. పుర్రె అడుగున ఉండే చిన్న కండరాలు పట్టితే తలచుట్టూ గుడ్డ బిగించి కట్టినట్లుంటుంది. మెడ ముందు పక్కన, చెవి వెనుక నుండి గొంతు గుంట వరకు దిగే కండరం పట్టితే నుదుటి నొప్పితో పాటు తల తిరిగినట్లు కూడా ఉంటుంది. ఈ చివరిదానిని ఇంట్లో ఎవరూ నొక్కరాదు. దాని అడుగునే మెదడుకు వెళ్ళే పెద్ద రక్తనాళం ఉన్నది.

చికిత్స సంగతికి వస్తే, అన్నిటికంటే పాతదీ, ఖర్చు లేనిదీ వేలితో నొక్కడమే. దీనిలో ఒక పొరపాటు అభిప్రాయం ఉంది. ఎంత గట్టిగా నొక్కితే అంత మేలనుకొని, మోచేతితో కుమ్మించుకొని కమిలిన భుజాలతో మా దగ్గరకు వచ్చేవారున్నారు. కుమ్మితే కండరం భయపడి మరింత బిగుసుకుంటుంది. ముడి మీద వేలు పెట్టి, ఓర్చుకోగలిగినంత నొప్పి తెలిసేవరకు మాత్రమే నొక్కి, అక్కడే ఆగాలి. అర నిమిషం, ఒక్కోసారి నిమిషం పైగా. వేలి క్రింద వెన్న కరిగినట్లు అది కొద్దిగా లొంగుతుంది, రోగి కూడా "తగ్గుతోంది" అంటాడు. అప్పుడు మరికొంచెం లోపలికి. అంతే. ఇందులో బలం కంటే ఓపిక ముఖ్యం.

నొక్కి వదిలేస్తే చాలదు, కండరాన్ని సాగదీయాలి. కుడి భుజం నొప్పి అయితే తలను ఎడమ పక్కకు వాల్చి, మేము చెయ్యి అడ్డుపెట్టి, ఊపిరి లోపలికి తీసుకుంటూ తలతో మా చేతిని కొద్దిపాటి బలంతో తొయ్యమంటాము. అయిదారు లెక్కపెట్టి, ఊపిరి వదులుతూ సడలించమంటాము. అలా సడలినప్పుడు తల తానుగా మరికొంత వాలుతుంది. మూడు నాలుగు సార్లకే తేడా తెలుస్తుంది. ఈ పద్ధతికి పేరు తెచ్చినవాడు చెక్ దేశపు వైద్యుడు కారెల్ లెవిట్. ముడిలోకి మందు ఎక్కించినప్పుడు కలిగే ఉపశమనంలో ఎక్కువ భాగం మందుది కాదు, సూదిదేనని 1979లో వ్రాసినది కూడా ఆయనే. అప్పటి నుండి మందు లేని సన్నని సూదిని ముడిలోకి పోనిచ్చే చికిత్స వ్యాపించింది. ఇప్పుడు మన పట్టణాలలో కూడా చేస్తున్నారు. కొందరికి త్వరగా పనిచేస్తుంది. కాని భుజం పైన చర్మానికి ఊపిరితిత్తి కొన ఎంతో దూరంలో లేదు. శిక్షణ లేని చేతిలో ఆ సూది ఊపిరితిత్తికి తగిలితే ప్రాణాపాయం. ఎక్కడ నేర్చుకున్నారో అడిగి తెలుసుకోండి, మొహమాటపడవద్దు.

వేడి కాపడం మంచిదే. పదిహేను నిమిషాలు, చర్మం కాలకుండా. షుగరు వ్యాధి వలన స్పర్శ తగ్గినవారు వేడిని మరొకరి చేతితో పరీక్షింపజేసుకోవాలి. ఇక అల్ట్రాసౌండ్, కరెంటు పెట్టే మిషనుల గురించి మా మనస్సులోని మాట చెబుతాము. మా గదిలోనూ ఉన్నాయి. కరెంటు పెట్టిన కాసేపు నొప్పి తగ్గవచ్చును. కాని పది రోజులు మిషను క్రింద పడుకొని, ఒక్క వ్యాయామమూ నేర్చుకోకుండా వెళ్ళినవారు మళ్ళీ వస్తారు. డబ్బు తక్కువ ఉన్నవారు ముందుగా చెయ్యిని, వ్యాయామాన్ని అడగాలి.

ఇప్పుడు మా తప్పు చెప్పుకోవాలి. ఆ సహోదరికి వారం రోజులు చికిత్స చేశాము. నొప్పి పోయింది, కాలరు తీసేసి వెళ్ళింది, మిషను మీద దుప్పటి తీసింది. పది రోజులకు మళ్ళీ వచ్చింది. అదే ముడి, అదే చోట. మళ్ళీ సడలించి పంపాము. మళ్ళీ వచ్చింది. మూడవసారి మేము కొంచెం విసుగ్గానే "వ్యాయామం చెయ్యడం లేదు కదా" అన్నాము. చేస్తున్నానని ఆమె చేసి చూపించింది. సరిగ్గానే చేస్తున్నది. ఏమి చెయ్యాలో తోచక, పని ఎలా చేస్తావో చూపమన్నాము. ఆమె మా బల్ల ముందు కూర్చొని, లేని మిషను ఉన్నట్లు చేతులు చాపి, లేని సూది వైపు చూచింది. తల ముందుకు వంగుతుందనుకున్నాము. వంగలేదు. వెనక్కు పోయింది. గడ్డం ముందుకు వచ్చింది, కళ్ళు చికిలించుకున్నాయి, భుజాలు రెండూ చెవుల వైపు లేచాయి. మాలో ఒకరికి అప్పుడు తట్టింది.

"సూదిలో దారం ఎవరు ఎక్కిస్తున్నారమ్మా?"

"మా చిన్నదండీ. రెండేళ్ళ నుంచి అదే ఎక్కిస్తుంది."

చత్వారం! నలభై దాటిన తరువాత దాదాపు అందరికీ దగ్గర చూపు మందగిస్తుంది. 2023లో తెలంగాణ ప్రభుత్వం రెండవ విడత కంటి వెలుగు శిబిరాలు పెట్టి ఉచితంగా చదువు అద్దాలు ఇచ్చినప్పుడు, ఆ శిబిరం వాళ్ళ ఊరికి కూడా వచ్చిందట. "దూరాన బస్సు బోర్డు చదువుతాను కదా, నాకెందుకు" అని ఆమె మిషను దగ్గర నుండి లేవలేదు. పుస్తకాన్నైతే చెయ్యి చాపి దూరంగా పట్టుకోవచ్చును, మిషను సూదిని జరపలేరు కదా. అందుకని రోజుకు ఎనిమిది గంటలు తలనే వెనక్కు లాగింది. మూడుసార్లు మేము ముడి విప్పాము, మూడుసార్లు ఆమె కళ్ళు దానిని వేశాయి. మొదటి రోజే అడగవలసిన ప్రశ్న అది. ఎక్స్‌రే తీసినవారిని తప్పుపట్టిన మేము కూడా మనిషి పనిని చూడకుండా కండరాన్నే చూచాము.

కళ్ళద్దాలు వచ్చాయి. మిషను వెనుక కాళ్ళ క్రింద సన్నని చెక్కముక్కలు పెట్టించి బల్ల తన వైపు కొద్దిగా వాలేలా చేయించాము, మిషనును కిటికీ దగ్గరకు జరిపించాము. ఆ తరువాత రెండుసార్లు చికిత్స చేస్తే సరిపోయింది.

మన పాఠకులలో కుట్టుపని వారే కాదు, చాట ఒళ్ళో పెట్టుకొని తల వంచి రోజంతా బీడీలు చుట్టే తల్లులు, మగ్గం గుంటలో కూర్చునేవారు, మిరపకాయలు ఏరేవారు, పురుగుమందు డబ్బా ఒకే భుజానికి తగిలించుకునేవారు ఉన్నారు. తల మీద బిందె మోసినప్పటి కంటే, సెల్‌ఫోను ఒళ్ళో పెట్టుకొని తల వాల్చుకొని కూర్చునే పిల్లలే ఈ మధ్య మా దగ్గరకు ఎక్కువగా వస్తున్నారు. వీరందరూ ఇంట్లో చేసుకోదగినవి ఇవి. గడ్డం పైకి ఎత్తకుండా తలను తిన్నగా వెనక్కు జరిపి, అయిదు లెక్కపెట్టి వదలాలి, పదిసార్లు. రెండు రెక్క ఎముకలను వెనుక దగ్గరకు తెచ్చి వదలాలి, పదిసార్లు. తలను పక్కకు వాల్చి ఇరవై ముప్ఫై లెక్కపెట్టాలి, మూడుసార్లు. తరువాత ముక్కును చంక వైపు తిప్పి అదే విధంగా. కుదుపులు వద్దు. వీపు మీద చెయ్యి అందని ముడికి, పిల్లల రబ్బరు బంతిని గోడకూ రెక్క ఎముక పక్కనున్న కండరానికీ మధ్య పెట్టి మెల్లగా ఆనుకోవాలి, వెన్నెముక మీద మాత్రం పెట్టకూడదు. అన్నిటికంటే ముందు, అరగంటకొకసారి లేవాలి. బీడీలకు లెక్క ఉంటుంది, లేస్తే లెక్క తగ్గుతుందంటారు. నిజమే. ఆ తల్లులకు లేవమని చెప్పడం మాకు సులువు. లేవలేని రోజున కూర్చున్న చోటే భుజాలు పదిసార్లు తిప్పినా కొంత నయం.

మగవారికి ప్రత్యేకంగా ఒక మాట. క్షవరం అయిన తరువాత తల పట్టుకొని "టక్" మని మెడ విరిపించుకోవడం చాలామందికి అలవాటు. ఆ చప్పుడులో సుఖం ఉన్నదంటారు. మెడ ఎముకల లోపలి నుండి మెదడుకు రక్తనాళాలు వెళ్తున్నాయి. హఠాత్తుగా తిప్పితే వాటి గోడ చిరిగి పక్షవాతం వచ్చినవారున్నారు. దయచేసి మాన్పించండి.

మెడ నొప్పులన్నీ ముడులు కావు. చేతిలో బలం తగ్గి వస్తువులు జారిపోతున్నా, తిమ్మిరి వేళ్ళ వరకు పాకుతున్నా, నడకలో తూలు వచ్చినా, మూత్రం పట్టు తప్పినా ఆలస్యం చేయక డాక్టరును చూడాలి. చెట్టు మీద నుండో బండి మీద నుండో పడిన తరువాత వచ్చిన మెడ నొప్పిని ఎవరినీ తాకనివ్వవద్దు. జ్వరంతో మెడ బిగుసుకుపోయినా, ఎన్నడూ లేనంత తలనొప్పి ఒక్కసారిగా వచ్చినా, బరువు తగ్గుతూ రాత్రిళ్ళు నొప్పి ఎక్కువవుతున్నా అది ఫిజియోథెరపీ పని కాదు. దవడ, ఎడమ చెయ్యి లాగుతూ చెమటలు పడితే అది గుండె. ఆసుపత్రికి పరుగెత్తవలసినదే.

ఆ సహోదరి క్రిందటి క్రిస్మస్‌కు ఎన్ని జతలు కుట్టిందో మేము అడగలేదు. కమ్మలు మాత్రం చెవులకు కనిపించాయి. మొన్న ఎవరితోనో కబురు పంపింది, మళ్ళీ మెడ పట్టిందట. బయలుదేరి రమ్మన్నాము. అక్కరలేదన్నది. గోడకు బంతి పెట్టుకున్నాననీ, చిన్నది కళ్ళద్దాలు ఎక్కడో దాచి ఆటపట్టించిందనీ, దొరికాయనీ చెప్పమన్నదట.